పాత చీరలతో బొంత: ఆషాఢం నుంచి కార్తీకం దాకా సాగిన పని

ఇంటద్దె, పిల్లల ఫీజులు, పప్పు, నూనె ధరలు మన చేతిలో ఉండవు. అవన్నీ కట్టగా మిగిలిన కొద్దిపాటి డబ్బు ఎటు పోతున్నదో చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. మా ఇంటి పద్దులో ఆ మిగులులో పెద్ద వాటా బట్టలకూ, దుప్పట్లకూ పోతున్నట్లు కనిపించడంతో, బీరువాలో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న నూలు చీరలను బొంతలుగా కుట్టే పని పెట్టుకున్నాను. హన్మకొండలో ఉంటూ ఉదయం ఇల్లు వదిలి చీకటి పడే వేళకు తిరిగివచ్చే ఉద్యోగం కనుక, దీనికి దొరికే సమయం రాత్రి భోజనాల తరువాత ఒక అరగంట, ఆదివారం మధ్యాహ్నం మరికొంత. అంత కొద్ది తీరికలో పని ఎంతవరకు వచ్చిందో, ఏయే కొలతలు, పద్ధతులు పనికివచ్చాయో రాసి పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాను: సూదులు, దారం, దానికి రాసే మైనం తప్ప మరేదీ కొనకూడదు. ఏ అభిరుచి అయినా ఇప్పుడు ముందుగా ఒక కొనుగోళ్ల చిట్టాగా మన ముందుకు వస్తున్నది. బొంత కుట్టాలని ఫోనులో ఒక్కసారి వెతికితే చాలు, రంగురంగుల కత్తెరలు, కొలత చాపలు, దారాల పెట్టెలు, ముక్కలుగా కత్తిరించి అమ్మే కొత్త గుడ్డ రోజంతా కనిపిస్తూనే ఉంటాయి. పాత గుడ్డను వాడుకోవడానికి కొత్త గుడ్డ కొనడం నాకు అర్థం కాని విద్య.

ఆషాఢం: చీరల ఏరివేత

దుకాణాలన్నీ ఆషాఢం తగ్గింపులు ప్రకటించే నెలలో, ఉన్న చీరలను మంచం మీద పరిచి చూసుకోవడం మంచి విరుగుడు. కట్టేవి, ఇంకొకరు కట్టుకోగలిగేవి, కుట్టడానికి మాత్రమే మిగిలినవి అని మూడు కుప్పలు చేశాను. చిరిగినవాటిని, వెలిసినవాటిని దానం పేరుతో ఇతరులకు అంటగట్టడం నాకు ఇష్టం లేదు. అవి మూడో కుప్పకే వెళ్లాయి.

బొంతకు అచ్చమైన నూలు కావాలి. పాలియెస్టర్ కలిసిన గుడ్డ చెమటను పీల్చుకోదు, సూది కింద జారిపోతుంది, ఉతికిన తరువాత పక్క పొరలతో సమానంగా సాగదు. అనుమానం వచ్చిన చీర కొంగు నుంచి రెండు పోగులు లాగి, పళ్లెంలో పెట్టి అగ్గిపుల్లతో అంటించాలి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మండి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిదగా మిగులుతుంది. పాలియెస్టర్ కరిగి ముడుచుకుని, చల్లారాక గట్టి నల్లపూసలా తయారవుతుంది. దుకాణంలో ‘కాటన్’ అని తెచ్చుకున్న చీరల్లో కొన్ని ఈ పరీక్షలో తేలిపోయాయి.

మిగిలినవాటిలోనూ తేడాలున్నాయి. బాగా కట్టి మెత్తబడిన మంగళగిరి, నారాయణపేట నూలు చీరలు ఈ పనికి పుట్టినట్లే ఉంటాయి. వెంకటగిరి సన్నని నేత కనుక పాతబడ్డాక పై పొరగా నిలవదు, లోపలి పొరలకు వాడుకోవచ్చు. గద్వాల చీరకు ఒళ్లు నూలే అయినా అంచు, కొంగు పట్టువి. పట్టు, నూలు ఉతుకులో ఒకే తీరుగా ముడుచుకోవు కాబట్టి ఆ అంచును విడదీయాలి. జరీ అంచు ఏ చీరదైనా సూదికి అడ్డమే.

గంజి పూర్తిగా వదిలించడం ఈ దశలో అన్నిటికంటే ముఖ్యమైన పని. గంజి మిగిలిన గుడ్డను పొరల మధ్య బంధిస్తే పురుగులకు మేత పెట్టినట్లే. వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి, నీళ్లలో తెల్లదనం పోయేదాకా జాడించాను. తడిపిన తెల్లగుడ్డతో ప్రతి చీరనూ గట్టిగా రుద్ది రంగు అంటుతున్నదో లేదో చూశాను. ముదురు ఎరుపు, నీలం చీరల విషయంలో ఈ జాగ్రత్త తప్పదు. రంగు దిగే చీరను లేత రంగు పొరల పక్కన పెట్టకుండా మసిగుడ్డలకు కేటాయించాను. వానాకాలం కావడంతో ఆరడానికే చాలా రోజులు పట్టింది. ఈ భాగం ఎండాకాలంలో పెట్టుకోవడమే తెలివైన పని.

శ్రావణం: కొలతలు

చీర పొడవు సాధారణంగా ఐదున్నర మీటర్లు, పన్నా, అంటే వెడల్పు, 1.15 మీటర్లకు అటూ ఇటూ. దాన్ని మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కొక్కటి సుమారు 1.83 మీటర్లు, అంటే ఆరడుగులు వస్తుంది. ఒక మనిషి కప్పుకోవడానికి అది సరైన కొలత. ఒక చీరతో మూడు పొరలు, రెండు చీరలతో ఆరు పొరలు, ముక్క కూడా వృథా కాదు. ఆరు పొరల బొంత కిలోకు కొంచెం అటూ ఇటూ తూగుతుంది. మా అమ్మమ్మ కాలంలో పది, పన్నెండు పొరలు వేసేవారు. అవి పరుపుల స్థానంలో కింద పరచుకునేవి, తడిపితే ఇద్దరు మనుషులు పిండాల్సినవి. ఈ రోజుల్లో అపార్టుమెంటు బాల్కనీలో ఆరేసుకునేవారికి ఆరు పొరలు చాలు.

ముక్కలు చేయడానికి కత్తెర కంటే చేయి మేలు. అంచు దగ్గర కత్తెరతో ఒక గాటు పెట్టి రెండు వైపులా పట్టుకుని లాగితే, నూలు గుడ్డ పేక (అడ్డపు పోగు) వెంబడి తిన్నగా చిరుగుతుంది. గీత గీయాల్సిన అవసరమే లేదు. ముందుగా ఫాల్ విప్పి పక్కన పెట్టుకోవాలి. నూలు ఫాల్ ముక్కలు మూడు అతికితే బొంత చుట్టూ అంచు పట్టీకి కావలసిన ఆరు మీటర్లు వచ్చి కొంత మిగులుతుంది.

పరచి చూస్తే చీర ఎక్కడెక్కడ అరిగిందో స్పష్టంగా తెలుస్తుంది. మడమ తగిలే కింది అంచు, నడుము దగ్గర కుచ్చిళ్లు దోపే చోటు, భుజం మీద పిన్ను పెట్టే చోటు, ఈ మూడూ పలచబడి ఉంటాయి. కుచ్చిళ్ల లోపలి మడతలు మాత్రం కొత్తగానే ఉంటాయి. పలచబడిన ముక్కలను మధ్య పొరలకు పంపి, ఒకదాని పలచన మరొకదాని పలచన మీద పడకుండా తలకిందులుగా తిప్పి అమర్చాను. కొంగు ఉన్న ముక్కను పైకి ఉంచాను.

ఈ నెలలోనే వరలక్ష్మీ వ్రతానికి చీర కొనడానికి వెళ్లినప్పుడు, ధర, రంగు చూసే ముందు ‘పదేళ్ల తరువాత ఇది బొంతకు పనికొస్తుందా’ అని నన్ను నేను అడగడం గమనించాను. ఆ ప్రశ్నకు చాలా చీరలు నిలబడలేదు. ఒక్క నూలు చీరతో తిరిగివచ్చాను.

భాద్రపదం: కుట్టు

పొరలను నేల మీద ముడతలు లేకుండా పరచి, మూలల మీద పొత్రం, నిఘంటువు, ఇస్త్రీ పెట్టె వంటి బరువులు పెట్టాను. నడిమధ్య నుంచి నాలుగు అంచులకూ, నాలుగు మూలలకూ జానెడు జానెడు పొడవు టాకాలతో కచ్చా కుట్టు వేశాను. ఇది తరువాత విప్పేసేదే అయినా, దీన్ని తప్పిస్తే పై పొర ఒక వైపుకూ, అడుగు పొర మరొక వైపుకూ జరుగుతాయి.

మా వీధి చివర ఉండే అవ్వ ఒకప్పుడు ఊళ్లు తిరిగి బొంతలు కుట్టిన మనిషి. ఆదివారం పూట పిలిచి చూపిస్తే, ఆమె కుట్టు కంటే ముందు గుడ్డను చేత్తో తడిమి చూసింది. “టాకా ఎడమెడం పెట్టకు బిడ్డా, నాలుగు ఉతుకులకే లోపలి గుడ్డ ముద్దయితది. వరుసకూ వరుసకూ రెండు వేళ్ల సందే ఉండాలె” అని తన చూపుడు వేలూ నడిమి వేలూ కలిపి గుడ్డ మీద ఆనించింది. సూదిని ఆమె నా వలె ఒక్కొక్క టాకాకూ పైకి లాగలేదు. సూదిని కదలకుండా పట్టుకుని ఎడమ చేత్తో గుడ్డనే అలలుగా మడుస్తూ సూది మీదికి ఎక్కించి, నాలుగైదు టాకాలు పోగయ్యాక ఒకేసారి దారం లాగింది. ఆరు పొరల మీద ఈ పద్ధతి పట్టుబడటానికి నాకు చాలా సమయం పట్టింది. పట్టుబడిన తరువాత వేగం ఇంచుమించు రెట్టింపైంది.

ఆమె చెప్పిన రెండు వేళ్ల ఎడం సుమారు మూడు సెంటీమీటర్లు. 1.15 మీటర్ల పన్నాకు ఆ లెక్కన 38 వరుసలు వస్తాయి, మొత్తం కుట్టు 70 మీటర్లు అవుతుంది. రెండు పోగులుగా కుడతాం కనుక 150 మీటర్లకు తగ్గకుండా గట్టి నూలు దారం దగ్గర ఉంచుకోవాలి. ఒకసారికి బారెడు దారం చాలు. అంతకంటే పొడవైతే చిక్కుపడుతుంది, గుడ్డలోంచి పదే పదే దూరి నూగు లేచి తెగుతుంది. దారాన్ని మైనం ముక్క మీద ఒకసారి లాగితే ఆ నూగు అణుగుతుంది. దర్జీలు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఇంట్లో పాత కుట్టుపెట్టెలో దొరికింది. అది లేకుండా ఆరు పొరలు కుట్టడం వేలికి శిక్ష.

ఒక వరుసకు ఇంచుమించు అరగంట పడుతుంది. అంటే రాత్రికి ఒక వరుస. ఈ కొలత నాకు బాగా నచ్చింది. ఎక్కడ ఆపాలో పనే చెబుతుంది, మరుసటి రాత్రి ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కరలేదు. చేతులు రెండూ గుడ్డలో ఉంటాయి కనుక ఆ అరగంట ఫోను పట్టుకోవడం కుదరదు. ఇంట్లో పిల్లలుంటే సూదిని బొంతలోనే గుచ్చి వదలకూడదు. ఎర్ర గుడ్డ ముక్కకు గుచ్చి, సూదుల లెక్క చూసుకుని పెట్టెలో పెట్టడం అలవాటు చేసుకున్నాను.

దసరా సెలవులు: చిన్న పనులు, ఇతరుల పద్ధతులు

సగం అయిన బొంతను ప్రయాణంలో తీసుకువెళ్లలేం. ఊరికి వెళ్లేటప్పుడు సంచిలో మరమ్మతు బట్టలు పెట్టుకున్నాను. ఊడిన గుండీలు, తెగిన చేతి అంచులు, విడిన కుట్లు బస్సులోనే కాకపోయినా అరుగు మీద కూర్చుంటే తేలికగా అయిపోయాయి. వీటిలో అన్నిటికంటే లాభసాటి పని చొక్కా కాలరు తిప్పడం. మెడ రాసుకుని కాలరు మడత దగ్గర అరిగిపోయిన చొక్కాకు మిగిలిన ఒళ్లంతా బాగానే ఉంటుంది. కాలరును పట్టీ దగ్గర జాగ్రత్తగా విప్పి, అరిగిన వైపు కిందికి పోయేలా తిప్పి మళ్లీ కుట్టించుకుంటే ఆ చొక్కా ఇంకో రెండేళ్లు నడుస్తుంది. విప్పడం నేను చేశాను, కుట్టు మిషను పని వీధి దర్జీకి ఇచ్చాను. ఒకప్పుడు ప్రతి దర్జీ చేసిన ఈ పనిని ఇప్పుడు అడిగితే కొందరు వింతగా చూస్తారు.

ఈ సెలవుల్లోనే ఇతర ప్రాంతాల పద్ధతులను కొంత పరిశీలించాను. మరాఠీవారి గోధడి మన బొంతకు దగ్గరి చుట్టం. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ మహిళలు కుట్టే కవుదిలో చిన్న చిన్న ముక్కలను అడుగు గుడ్డ మీద అంచు నుంచి మొదలుపెట్టి, చుట్లు చుట్లుగా నడిమధ్యకు కుట్టుకుంటూ వస్తారు. ఆ పద్ధతిలో ముక్కలు కలిపే కుట్టూ పొరలు పట్టే కుట్టూ ఒకటే కావడం వల్ల శ్రమ ఆదా అవుతుంది. బెంగాల్‌లో పాత చీరలతో కుట్టే కాంతాలో పూర్వం చీర అంచుల నుంచి లాగిన రంగు పోగులతోనే కుట్టేవారు. విడదీసిన అంచుల నుంచి నేనూ పోగులు లాగి చూశాను. పడుగు (నిలువు) పోగులు పొడవుగా వస్తాయి కానీ బొంత బరువుకు ఆగవు, నాలుగు పోగులు కలిపితే అంచు మీద చిన్న అలంకారానికి పనికొస్తాయి.

కార్తీకం: పూర్తయిన బొంత, దాని లెక్క

ఫాల్ ముక్కలతో అంచు కట్టి, కచ్చా కుట్టు విప్పి, గోరువెచ్చని నీళ్లలో ఒకసారి జాడించి ఎండకు వేశాను. ఉతికిన తరువాత వరుసల మధ్య గుడ్డ కొద్దిగా ఉబ్బి, కుట్టు లోపలికి దిగి, మొదట్లో చేతికి తగిలిన బిరుసుతనం పోయింది. కార్తీకం చలికి ఇది ఒక్కటే చాలుతున్నది. ఆదిలాబాదు వైపు చలికి మాత్రం దీని మీద కంబళి కావాల్సిందే.

ఖర్చు విషయం దాపరికం లేకుండా చెప్పాలి. దారం, సూదులు, మైనం కలిపి 150 రూపాయలు దాటలేదు. అయితే శ్రమకు విలువ కట్టకుండా ‘ఉచితంగా వచ్చింది’ అనడం న్యాయం కాదు. 38 వరుసలకు 19 గంటలు, ఎనిమిది గంటల లెక్కన రెండు రోజుల పైమాటే. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలతో లెక్కించినా 700 దాటుతుంది. ఈ మొత్తానికి దుకాణంలో ఒక మోస్తరు దుప్పటి వస్తుంది. కాబట్టి డబ్బు ఆదా కోసమే అయితే బొంత కుట్టమని ఎవరికీ చెప్పను. అవ్వ వంటివారితో కుట్టించుకునేవారు బేరమాడకూడదన్న మాట మాత్రం ఈ లెక్క తేల్చి చెప్పింది. మా పద్దులో నిజంగా తగ్గినవి వేరే ఉన్నాయి. తిప్పిన కాలర్ల వల్ల ఈ పండక్కి మా ఆయనకు చొక్కాలు కొనలేదు, వంటింటి గుడ్డలు, నేల తుడిచే గుడ్డలు కొనే పని లేకుండా పోయింది, ఆషాఢం తగ్గింపులకు ఒక్క పైసా వెళ్లలేదు.

మిగిలిన మెత్తని ముక్కలతో, నెలలు నిండుతున్న మా మరదలి కోసం చిన్న బొంత మొదలుపెట్టాను. చంటిబిడ్డకు నాలుగు పొరలే వేస్తున్నాను. తొందరగా ఆరాలి, చర్మానికి ముడులు తగలకూడదు కనుక దారం ముడిని పొరల మధ్యకు లాగి దాచేస్తున్నాను. పెద్ద బొంత రెండోది కుట్టడానికి ఒక చీర తక్కువగా ఉంది. మా వదిన దగ్గర వెలిసిన నారాయణపేట చీర ఉందని తెలిసి అడిగి ఉంచాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానన్నది, గంజి పెట్టకుండా తెమ్మని చెప్పాను.