కండెలు చుట్టుడు

పోయిన ఎండాకాలం సెలవులన్నీ నా థీసిస్ ముందేసుకుని కూర్చున్నాను. కొత్తది కాదు, 2011లో ఇచ్చిన పాతదే. పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో నేతపనివాళ్ళు పనిలో వాడే మాటల మీద చేశాను. అప్పట్లో ఐదు కాపీలు బైండింగ్ చేయించి, నల్ల అట్ట మీద బంగారు రంగు అక్షరాలు వేయించి, వెనక అట్టకి సీడీ కవరు అంటించి యూనివర్సిటీలో ఇచ్చి వచ్చాను. వైవా అయింది, డాక్టరేట్ వచ్చింది, కాలేజీలో అందరికీ స్వీట్లు పంచాను. ఒక కాపీ లైబ్రరీలో అద్దాల బీరువాలోకి వెళ్ళింది.

ఆ పని కోసం ఊళ్ళు తిరిగినప్పుడు ఒక పెద్దావిడ దగ్గర చాలా రోజులు కూర్చున్నాను. ఆసు పోయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. ఆసు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పోచంపల్లి చీరకి నేశాక రంగు వెయ్యరు, ముందే దారానికి అద్దుతారు. దానికోసం దారాన్ని మేకులున్న చట్రం మీద పోగు పక్కన పోగుగా పరుచుకోవాలి. ఒక్క చీరకి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. యంత్రం రావడం ఆడవాళ్ళకి ఎంత మేలో నేను కళ్ళారా చూశాను. కానీ చేత్తో పోసినప్పటి మాటలు ఆ చేతులతోనే పోతాయి కదా, వాటినే రాసుకుందామని వెళ్ళాను. రికార్డర్ ఆన్ చేసిన మొదటి రోజే ఆవిడ అడిగింది: "ఇదంత బుక్కుల పడతదా బిడ్డా? మా పోరగాండ్లు సదువుకోవచ్చా?"

పడుతుందమ్మా, చదువుకోవచ్చు అన్నాను.

వాళ్ళు చదువుకునే దారే లేకపోయింది. ఆ బీరువా తెరవాలంటే యూనివర్సిటీ ఐడీ కార్డు ఉండాలి, బయటివాళ్ళయితే ఎవరి దగ్గర్నుంచైనా లెటర్ తేవాలి. మగ్గం దిగి, బస్సెక్కి, లెటర్ పట్టుకుని ఎవరొస్తారు?

మరి థీసిస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే శోధ్‌గంగ లేదా అని అడుగుతారు. ఉంది. నాకు దాని మీద చాలా గౌరవం ఉంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ దాన్ని నడుపుతోంది. పీహెచ్‌డీ థీసిస్‌ల ఎలక్ట్రానిక్ కాపీ ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది, 2016లో మళ్ళీ అదే చెప్పింది. ఇప్పుడు దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు ఐదు లక్షలకు పైగా అక్కడున్నాయి. లాగిన్ అక్కర్లేదు, రూపాయి కట్టక్కర్లేదు. మా స్టూడెంట్లకి మొదటి సంవత్సరంలోనే చూపిస్తాను. నా థీసిస్ కూడా అందులోకి వెళ్ళింది. అధ్యాయానికో పీడీఎఫ్ చొప్పున పెట్టారు. మొదటిసారి చూసినప్పుడు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ తర్వాత ఒకరోజు క్లాసులో పిల్లలకి చూపిద్దామని తెలుగులో 'చేనేత' అని కొట్టి వెతికాను. నాది రాలేదు. 'పోచంపల్లి' అని కొట్టాను, రాలేదు. టైటిల్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, అందులో 'చేనేత' స్పెల్లింగు నేనెప్పుడూ రాయని రకంగా ఉంది. కీవర్డ్స్ అన్నచోట 'తెలుగు', 'లిటరేచర్' అని రెండే మాటలు, అవీ ఇంగ్లీషులోనే. పోచంపల్లి పేరే లేదు. వందల సీడీలు ముందు పోసుకుని ఎవరో ఒక్క మనిషి గబగబా ఎక్కించి ఉంటారు, వాళ్ళని అనడానికి నాకు నోరు రాదు. కానీ ఉండీ లేనట్టే అయింది.

అసలు చిక్కు పీడీఎఫ్ లోపల ఉంది. తెలుగులో థీసిస్ రాసినవాళ్ళందరూ ఇది వినాలని నా కోరిక. 2011లో నాది డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించాను. అప్పుడు అందరం అంతే. అలాంటి ఫాంట్‌లో తెరమీద కనబడేది తెలుగే, లోపల దాచుకున్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి, పిచ్చి గీతలు పడతాయి. గూగుల్‌కి కనబడేవీ ఆ గీతలే. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచుకునే యూనికోడ్‌లో ఉంటేనే 'ఆసు' అని వెతికినవాళ్ళకి 'ఆసు' దొరుకుతుంది. నేను రెండేళ్ళు ఏరుకొచ్చిన మాటల్లో ఒక్కటి కూడా మాటగా లేదు అక్కడ.

అందుకే ఆ సెలవుల పని. డీటీపీ ఆయన దగ్గర అసలు ఫైళ్ళు ఇంకా ఉన్నాయి, ఆయనకి వెయ్యి దండాలు. కన్వర్టర్‌లో వేస్తే నిమిషాల్లో యూనికోడ్‌లోకి మారాయి గానీ ఒత్తులు చెల్లాచెదురయ్యాయి. మగ్గంలో పడుగు పోగుల్ని వరస తప్పకుండా పట్టి ఉంచే దువ్వెనలాంటి పనిముట్టు ఉంటుంది, పన్నె అంటారు. అది ఎక్కడ చూసినా 'పనె్న' అయి కూర్చుంది. ఒక్క మాటయితే ఫైండ్ అండ్ రీప్లేస్ చేసేయొచ్చు. 212 పేజీల్లో ఇలాంటివి ఎన్ని రకాలో లెక్కలేదు. మా అమ్మాయి బైండు కాపీ పట్టుకుని పైకి చదివేది, నేను తెరమీద దిద్దేదాన్ని. రోజుకి ఎనిమిది పేజీలు నడిస్తే ఆ రోజు బాగా నడిచినట్టు.

ఇదంతా చేస్తున్నానని తెలిసి తోటి లెక్చరర్ ఒకాయన అన్నారు, "మేడమ్, అలా ఎవరికి పడితే వాళ్ళకి దొరికేలా పెడితే కాపీ కొట్టేస్తారు." ఈ భయం చాలామందికి ఉంది, అందుకే జవాబు రాస్తున్నాను. కాపీ కొట్టేవాళ్ళకి బీరువాలో ఉన్న థీసిస్సే సుఖం. ఎవరూ చూడరు, పట్టుకోరు. ఇప్పుడు థీసిస్‌లు శోధ్‌శుద్ధి అనే పథకం కింద కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌తో సరిచూస్తున్నారు కదా, ఆ సాఫ్ట్‌వేర్ పోల్చుకోవాలన్నా ఎదురుగా చదవగలిగిన పాఠం ఉండాలి. పిచ్చి గీతలతో ఏం పోలుస్తుంది? నా పని నా పేరుతో, తేదీతో, అందరి కళ్ళెదుటా ఉండటమే నాకు రక్ష.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది వేరే విషయం. థీసిస్ చివర విషయదాతల పట్టిక ఉంది: పేరు, వయసు, ఊరు, వృత్తి. వాళ్ళు సరే అన్నది కాగితం పుస్తకానికి. 2009లో ఇంటి అరుగు మీద కూర్చుని ఒప్పుకున్నది ఇవాళ ఇంటర్నెట్‌కి ఒప్పుకున్నట్టు కాదు. పట్టికలో 34 మంది. ఫోన్లు చేశాను, మూడు ఆదివారాలు బస్సెక్కి వెళ్ళాను. చాలామంది లేరు, ఉన్నవాళ్ళ పిల్లలతో మాట్లాడాను. నలుగురు పేరు వద్దన్నారు, తీసేశాను. ఎవరూ దొరకని చోట పేరు తీసేసి ఊరు మాత్రం ఉంచాను. మిగతావాళ్ళు పేరు తప్పకుండా ఉండాలన్నారు. ఆ పెద్దావిడ పోయి ఆరేళ్ళయిందట. వాళ్ళ కోడలు గుమ్మంలోనే నిలబడి, "ఉండనియ్యండి మేడమ్, ఆమెకు అదొక్కటే ఆశ ఉండె" అంది.

దిద్దిన ఫైళ్ళు, తెలుగు అక్షరాల్లో టైటిలు, కీవర్డులు యూనివర్సిటీ లైబ్రరీకి పంపాను. శోధ్‌గంగలో మనంతట మనం మార్చలేం, యూనివర్సిటీ ద్వారానే జరగాలి. ఆ పని ఇంకా నడుస్తోంది. పదకోశం మాత్రం విడిగా తీసి, 640 మాటలు ఒక స్ప్రెడ్‌షీటుగా, వాళ్ళ అనుమతితో కొన్ని రికార్డింగులు జతచేసి జెనోడోలో పెట్టాను. అది జెనీవా దగ్గరి సెర్న్ అనే పరిశోధనా సంస్థ వాళ్ళ ఆన్‌లైన్ భాండాగారం. ఏ దేశంవాళ్ళయినా, ఏ శాస్త్రంలోదైనా ఉచితంగా పెట్టుకోవచ్చు. డీఓఐ ఇస్తారు, అంటే మారని చిరునామా. తప్పు దొరికితే దిద్ది కొత్త వెర్షన్ పెట్టొచ్చు, పాతదీ అక్కడే ఉంటుంది.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చాక ఇవన్నీ ఎందుకని కొందరు అడిగారు. మూడేళ్ళకి 6,000 కోట్లు పెట్టి, 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకి సుమారు 13,000 జర్నళ్ళు అందిస్తున్నారు. మంచిదే. నాకూ పనికొస్తుంది. కానీ అది కాలేజీ గేటు లోపలివాళ్ళకి. ఆసు పోసిన ఇంటికి ఆ లాగిన్ రాదు. పోయినవాళ్ళకి ఇచ్చిన మాట లాగిన్ వెనక తీరదు.

దసరా తర్వాత ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చింది. ఆ పెద్దావిడ మనవరాలు, డిగ్రీ చదువుతోంది. ఫోన్లో తెలుగులోనే 'కండెలు' (నేతకి దారం ఎక్కించే చిన్న గొట్టాలు) అని వెతికితే పదకోశం దొరికిందట. నానమ్మ గొంతు విని వాళ్ళమ్మ చాలాసేపు మాట్లాడలేదని రాసింది. కింద ఇంకో మెసేజ్: "మేడమ్, మీరు 'కండెలు పట్టుడు' అని రాసిన్రు. మా ఇంట్ల అట్ల అనరు. 'చుట్టుడు' అంటరు. నానమ్మ గూడ అదే అనేది అంటుంది అమ్మ. మల్లొక్కసారి వినండి."

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. వెనక రాట్నం చప్పుడు, మధ్యలో ఎవరో పిల్లాడి ఏడుపు. పదకొండో నిమిషంలో ఆవిడ స్పష్టంగా అంది, "పొద్దుగాల లేచి కండెలు సుట్టుడే." గైడ్ చదివారు, వైవాలో ప్రొఫెసర్లు చదివారు, నేను ఎన్నిసార్లు చదివానో. 2011 నుంచి అలాగే ఉంది ఆ తప్పు.

ఆ సాయంత్రమే దిద్ది రెండో వెర్షన్ పెట్టాను. సవరణ చెప్పినవారు అన్నచోట, ఆ అమ్మాయి అడిగినట్టే, వాళ్ళమ్మ పేరు రాశాను.