మధ్యాహ్నం నాలుగింటికే మగ్రిబ్

మా గుంటూరు వైపు ఏడాది మొత్తంలో మగ్రిబ్ (పొద్దు గుంకగానే చేసే నమాజు) వేళ ఓ గంట అటూ ఇటూ అవుతుందంతే. అజా (నమాజుకు పిలుపు) వినబడితే లేవడమే. లండన్‌కి దగ్గర్లోని వోకింగ్‌లో అలా కాదు. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, జూన్‌లో తొమ్మిది దాటినా ఎండ ఉంటుంది. అజా మసీదు లోపలి వరకే. బయట మనకు దిక్కు మసీదువాళ్లు అచ్చేసే టైంటేబుల్.

ఎండాకాలం రోజాలు (ఉపవాసాలు) ఎలా ఉంటున్నారని ఊళ్లో అందరూ అడుగుతారు. ఉద్యోగం చేసేవాళ్లకి అసలు కష్టం చలికాలంలోనే. జొహర్ (మధ్యాహ్నం నమాజు), అసర్ (సాయంత్రం ముందరి నమాజు), మగ్రిబ్ మూడూ ఆఫీసు వేళల్లోనే వచ్చిపడతాయి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. శనివారం ఆరింటికి దగ్గర్లో ఉన్న మగ్రిబ్, మర్నాడు ఐదు లోపే అయిపోతుంది. సోమవారం సాయంత్రం మీటింగ్ ఉంటే ఒకటే టెన్షన్.

ఇక్కడి 2010 సమానత్వ చట్టం మతం పేరుతో వివక్ష కూడదంటుంది. నమాజుకు విరామం ఇచ్చి తీరాలని మాత్రం అందులో లేదు. కాబట్టి దాచుకోకుండా మేనేజర్‌ని అడగడమే మంచిదని నా నమ్మకం. మావాడు రోజువారీ కాల్‌ని పావుగంట జరిపాడు, ఖాళీ గది చూపించాడు. ఇక వజూ, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులూ కడుక్కోవడం. ఆఫీసు సింకులో కాళ్లు ఎత్తి కడిగితే నేలంతా తడి, వెనక వచ్చేవాళ్లకి ఇబ్బంది. పొద్దున ఇంట్లో వజూ చేసి తోలు మేజోళ్లు తొడుక్కుంటే, ఆ పగలంతా కాళ్లు కడిగే బదులు వాటి మీద తడిచేత్తో తుడిస్తే (మసహ్ చేస్తే) సరిపోతుంది. ఈ సంగతి నాకు చెప్పింది మసీదులో పక్కన కూర్చునే ఒక పాకిస్తానీ పెద్దాయన.

ఆ మసీదు 1889లో కట్టింది. భోపాల్ బేగం షాజహాన్ డబ్బు సాయం చేశారు, ఆమె పేరే పెట్టారు. మాది ఇంట్లోనూ తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబం, నాకు ఉర్దూ అంతంతమాత్రం. అయినా జుమా (శుక్రవారం నమాజు) రోజు ఆ వరసలో నిలబడితే పరాయి ఊరన్న దిగులు ఉండదు. ఈ మేలు చేసినందుకు ఆ మసీదు మనుషులకి ఎంతో రుణపడి ఉన్నాను.

ఇక్కడి మసీదులవాళ్లంతా అన్నిటికీ ఒకే మాట మీద ఉంటారని కాదు. జూన్‌లో ఇక్కడ రాత్రి పూర్తిగా చీకటి పడదు, అందుకే ఇషా (రాత్రి నమాజు) వేళ ఒక్కో మసీదు ఒక్కో లెక్కన కడుతుంది. ఈద్ పండగకీ అంతే, కొందరు సౌదీ ప్రకటన చూస్తారు, కొందరు వేరే దేశంలో నెలవంక కనబడిందా అని చూస్తారు. ఎవరిది సరైనదని వాదించే బదులు, మన పేట మసీదు చెప్పిందే పాటిస్తే నలుగురితో కలిసి ఉంటాం. సెలవు మాత్రం పండగ పడగల రెండు రోజులకీ ముందే పెట్టి, అక్కర్లేనిది వెనక్కి ఇచ్చేస్తాను.