మాంటెరే చల్లనీళ్లకి సూట్ ఎంచుకోవడం: ఎం.ఎం. లెక్క తర్వాత

అండమాన్‌లోనో రుషికొండలోనో డైవింగ్ నేర్చుకుని, ఉద్యోగం కోసం కాలిఫోర్నియాలోని బే ఏరియాకి (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలకి) వచ్చినవాళ్లు మొదట అడిగేది "మాంటెరేకి ఎన్ని ఎం.ఎం. సూట్ కొనాలి?" అని. మాంటెరే అంటే అక్కడికి దక్షిణాన ఉన్న సముద్రతీరం, ఎం.ఎం. అంటే మిల్లీమీటర్లలో సూట్ మందం. అండమాన్ నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. అక్కడ 3 ఎం.ఎం. సూట్ చలి ఆపడానికన్నా ఒంటికి గీతలు పడకుండా చూడ్డానికే ఎక్కువ పనికొస్తుంది. మాంటెరేలో మాత్రం ఏడాది పొడుగునా దాదాపు 10 నుంచి 14 డిగ్రీలే. ఎండాకాలం కదా అని వెళ్తే మోసపోతారు. వసంతంలోనూ వేసవి మొదట్లోనూ వాయవ్య గాలులు పైనీళ్లని ఒడ్డు నుంచి సముద్రం లోపలికి నెట్టేస్తాయి, వాటి చోటులోకి అడుగునున్న చల్లనీళ్లు వస్తాయి. కాస్త నయంగా ఉండేది సెప్టెంబరు, అక్టోబరుల్లో.

ఇక్కడ 7 ఎం.ఎం. కన్నా తక్కువ సూట్ గురించి ఆలోచించక్కర్లేదు. అయితే ఒంటికి పట్టని 7 కన్నా బాగా పట్టిన 5 వెచ్చగా ఉంటుంది. సూట్‌లోకి చేరిన నీళ్లే వెచ్చబడి మనల్ని కాపాడతాయని చాలామంది నమ్మకం. ఆ నీళ్లు వెచ్చబడేది మన ఒంటి వేడితోనే. చలిని ఆపేది సూట్ చేసే నియోప్రీన్ అనే రబ్బరు నురగలో చిక్కుకున్న గాలి బుడగలు. బర్క్‌లీ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ 1950ల మొదట్లో ఈ సంగతి పట్టుకోబట్టే, నీళ్లు కాస్త లోపలికి చేరే ఈ వెట్‌సూట్ పుట్టింది. కాళ్లు ఆడించిన ప్రతిసారీ మెడ దగ్గర చల్లనీళ్లు దూరి, వెచ్చబడ్డవి బయటికి పోతుంటే ఎంత మందం ఉన్నా దండగే.

కాబట్టి కొట్లో అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు. పాదాలకి ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని సూట్‌లోకి దూరండి, సులువుగా జారుతుంది. గోళ్లతో లాగితే నియోప్రీన్ చిరుగుతుంది, వేళ్ల మెత్తటి భాగంతో లాగాలి. ముందు గజ్జల దాకా పూర్తిగా ఎక్కించాకే చేతులు దూర్చాలి. జిప్ పెట్టాక నడుము వెనక గుంటలో, చంకల్లో, మోకాళ్ల వెనక సూట్‌ని చిటికెతో పట్టుకుని లాగండి. తేలిగ్గా లేచొస్తే అక్కడ నీళ్లు నిలుస్తాయి. వంగి లేచినప్పుడు వీపు దగ్గర బుసబుసమని గాలి శబ్దం వస్తే, నీళ్లలో అదే చోట పంపులా పనిచేస్తుంది. మెడ మాత్రం మరీ బిగుతుగా ఉండకూడదు. అక్కడి రక్తనాళాల మీద ఒత్తిడి పడితే గుండె వేగం తగ్గి కళ్లు తిరుగుతాయి.

లోతు సంగతి కూడా ఉంది. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి రెట్టింపై బుడగలు సగమవుతాయి, 20 మీటర్లకి మూడో వంతుకి వస్తాయి. రబ్బరు నలగదు కనక సూట్ మందం అంత లెక్కగా తగ్గదు కానీ, చలి ఆపే గుణం బాగా పడిపోతుంది. తేలే గుణం కూడా దాంతోపాటే పోతుంది, బీసీడీలో (తేలడాన్ని అదుపు చేసే జాకెట్‌లో) గాలి నింపి దాన్ని సరిచేసుకోవాలి. కెల్ప్ (పొడుగాటి సముద్రపు నాచు) అడవుల్లో 10, 12 మీటర్ల లోతున తిరిగేవాళ్లకి 7 ఎం.ఎం. సెమీ డ్రై (నీళ్లు తక్కువగా దూరేలా అంచులు బిగించిన వెట్‌సూట్), దాని లోపల వేసుకునే, హుడ్ (తల తొడుగు) కుట్టిన 5 ఎం.ఎం. చేతుల్లేని వెస్ట్, 5 ఎం.ఎం. గ్లవ్స్, బూట్లు ఉంటే రోజుకి ఒక డైవ్ హాయిగా గడిచిపోతుంది. రెండో డైవ్ దగ్గరే అసలు చిక్కు. పైకొచ్చాక తడి సూట్ మీద గాలి తగిలి మిగిలిన వేడి లాగేస్తుంది. విరామంలో సూట్ నడుము దాకా విప్పి, పొడి స్వెటర్ మీద గాలి ఆపే కోటు వేసుకోవాలి. మళ్లీ దిగేముందు ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్లు మెడలోంచి పోసుకుంటే, మొదట చేరే నీళ్లని ఒంటి వేడితో కాచే బాధ తప్పుతుంది. వణుకు ఆపినా ఆగకపోతే డైవ్ అక్కడితో ముగించాలి, ఇంకో ఐదు నిమిషాలు అనొద్దు.

వారం వారం వెళ్లేవాళ్లు, 20 మీటర్లు దాటేవాళ్లు, సియాటిల్ వైపు ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో చలికాలం దిగేవాళ్లు నేరుగా, నీళ్లు లోపలికి రానివ్వని డ్రై సూట్‌కి వెళ్లడమే మేలు. మూడు పొరలు అతికించి చేసే ట్రైలామినేట్ డ్రై సూట్ రెయిన్‌కోట్ లాంటిది, తనంతట తాను వెచ్చదనం ఇవ్వదు. వేడి నిలిపేది లోపలి బట్టలు. ఒంటికి ఆనేది మెరినో ఉన్నిగానీ పాలిప్రొపిలీన్‌గానీ, దాని మీద థిన్సులేట్ (సన్నని పీచుతో చేసిన వెచ్చని గుడ్డ) లాంటి దళసరి లోపలి సూట్. కాటన్ బనియన్ వద్దు, చెమట పట్టిందంటే ఆరదు. లోపల గాలి ఎక్కువ కాబట్టి బరువులూ పెరుగుతాయి. ఎంతన్నది ట్యాంకులో గాలి అయిపోవచ్చినప్పుడు 5 మీటర్ల దగ్గర నిలవగలిగేలా చూసి తేల్చుకోవాలి. కాళ్లలోకి గాలి చేరి తలకిందులుగా పైకి లేచిపోవడం, ఇన్‌ఫ్లేటర్ (సూట్‌లోకి గాలి వదిలే మీట) ఇరుక్కుపోతే దాని గాలి గొట్టం ఊడదీయడం, ఇవన్నీ స్విమ్మింగ్ పూల్లో శిక్షకుడి దగ్గరే నేర్చుకోవాలి.

డ్రై సూట్ లోపల తడవడం చాలావరకు సీల్స్ (మెడ, మణికట్ల దగ్గర నీళ్లు రాకుండా బిగుసుకునే రబ్బరు అంచులు) దగ్గరే. కొత్త లేటెక్స్ మెడ సీల్ పీక నొక్కుతుందని వెంటనే కత్తిరించకండి. ముందు రాత్రంతా నున్నటి అన్నం గిన్నె మీద సాగదీసి ఉంచండి. అప్పటికీ బిగుతుగా ఉంటే సీల్ అంచున ఒక్కొక్క వలయమే, పదునైన కత్తెరతో ఆగకుండా ఒకే కోతగా తీయాలి. అంచున చిన్న గాటు మిగిలినా అక్కణ్ణించే చిరుగుతుంది. చేతి సీల్ మణికట్టు ఎముక దాటి పైకి ఉండాలి. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర స్నాయువులు (కండరాల తాళ్లు) లేచి మధ్యలో గాడి పడుతుంది, నీళ్లు దాంట్లోంచే దూరతాయి. గుడిలో కట్టిన తోరం సీల్ కింద ఉంటే వత్తిలా నీళ్లు లోపలికి పీలుస్తుంది, మోచేతి వైపు జరపండి. మెడ సీల్ కింద ఒక్క వెంట్రుక పాయ ఇరుక్కున్నా అంతే, జడని పైకి ముడేసి హుడ్‌లోకి పెట్టాలి. సీల్‌కి రాసే టాల్కమ్ పౌడర్ వాసన లేనిదైతే మంచిది, లేటెక్స్‌కి నూనె పడదు. ఎండలో ఆరేయడం అంతకన్నా చేటు.

ఆర్డర్ పెట్టేముందు ఫిన్స్ (కాళ్లకి తొడిగే ఈత రెక్కలు) కొలుచుకోండి. లోపల ఉన్ని సాక్స్, బయట రాక్ బూట్ (డ్రై సూట్ మీద తొడిగే గట్టి బూట్) వేసుకున్న కాలు అండమాన్‌లో కొన్న ఫిన్స్‌లో పట్టదు. బూట్ వేసుకునే కొట్టుకెళ్లి, వెడల్పాటి ఓపెన్ హీల్ (మడమ దగ్గర తెరిచి, పట్టీతో బిగించే) ఫిన్స్ తొడిగి చూడండి.