గ్రాండ్ కాన్యన్ నడక: ఆరో వారం నాటికి సన్నాహం

అక్టోబరు చివరి వారంలో సౌత్ కైబాబ్ దారిన అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయలోకి దిగి, అడుగున ఒక రాత్రి గడిపి, మర్నాడు బ్రైట్ ఏంజెల్ దారిన పైకి రావాలని నిర్ణయించుకున్నాను. రాత్రి బసకు పార్కు అనుమతి పత్రం తప్పనిసరి కనుక, అది చేతికి అందాకే శిక్షణ మొదలుపెట్టాను.

కొండ ఎక్కేటప్పుడు కష్టం ముందుంటుంది. అలసిపోతే వెనుదిరిగి దిగిపోవచ్చు. లోయలో ఆ వెసులుబాటు లేదు. హాయిగా దిగిన ప్రతి అడుగూ మర్నాడు ఎక్కి తీర్చవలసిన అప్పే. అందుకే ఈసారి పటాన్ని చివరి నుంచి చదివాను. నది ఒడ్డున ఉన్న శిబిరం నుంచి పై అంచుకు 15.3 కిలోమీటర్లు. అందులో హవాసుపాయ్ గార్డెన్స్ దాకా ఉన్న మొదటి 8 కిలోమీటర్లలో ఎక్కేది సుమారు 400 మీటర్లే కాగా, మిగిలిన 7 కిలోమీటర్లలో 900 మీటర్లకు పైగా ఎక్కాలి. సగం దారి దాటామని సంబరపడే చోట ఎక్కవలసిన ఎత్తులో మూడింట రెండు వంతులు ఇంకా మిగిలే ఉంటుందన్నమాట. (ఈ చోటు పేరు 2022లో మారింది, పాత పటాల్లో ఇండియన్ గార్డెన్ అని ఉంటుంది.)

అంతస్తుకు 3 మీటర్ల చొప్పున లెక్కిస్తే 900 మీటర్లంటే 300 అంతస్తులు. మొదటి వారం పది అంతస్తుల భవనాన్ని ఖాళీ చేతులతో 6 సార్లు ఎక్కాను. ఈ వారం 9 కిలోల సంచితో 20 సార్లు ఎక్కి దిగాను. ఊపిరి కుదురుకుంది కానీ, నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది దిగడమే. నాలుగో వారంలో ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది. దిగేటప్పుడు పాదం ముందుకు జారి, వేలు బూటు కొనకు మెట్టు మెట్టుకూ గుద్దుకోవడమే కారణం. అర సైజు పెద్ద బూట్లు కొని, గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, చీలమండ దగ్గర లేసుకు ఒక మెలిక అదనంగా వేసి బిగించాక ఆ బాధ తప్పింది.

నీటి లెక్క దీనికంటే కఠినమైనది. సౌత్ కైబాబ్ దారిలో ఎక్కడా తాగునీరు దొరకదు. లీటరు నీటికి కిలో బరువు కనుక, 3 లీటర్లు మోయాలన్న నిర్ణయంతో సంచిలో మిగతా సామానంతా తగ్గించవలసి వచ్చింది. బ్రైట్ ఏంజెల్ దారిలో కుళాయిలు ఉన్నా, 1960 దశకంలో వేయనారంభించిన నీటి గొట్టం తరచుగా పగులుతుంది కాబట్టి, బయలుదేరే ముందు రోజు పార్కు సమాచారం చూసుకోవడంతో పాటు వడపోత పరికరం కూడా తీసుకెళుతున్నాను. ఎడారి గాలికి చెమట కనబడకముందే ఆరిపోతుంది. అలాగని ఉప్పు లేకుండా నీళ్లు మాత్రమే తాగుతూ పోతే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది. అందువల్ల ప్రతి విరామంలోనూ నీటితో పాటు గుప్పెడు ఉప్పు వేరుశెనగలు తినడం మెట్ల సాధనలోనే అలవాటు చేసుకుంటున్నాను.

అక్టోబరును ఎంచుకున్నది వేడిని బట్టే. అంచుతో పోలిస్తే అడుగున 11 నుంచి 17 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటుంది. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో నడవవద్దని పార్కువారే చెబుతారు. జులై, ఆగస్టు నెలల్లోనైతే ఎక్కడో కురిసిన వాన ఇరుకు వాగుల్లో హఠాత్తుగా వరదై రావచ్చు.

సౌత్ కైబాబ్ దారి మొదటికి సొంత కార్లను రానివ్వరు. తెల్లవారుజామున పార్కు బస్సు పట్టుకోవాలి. కంచర గాడిదలు ఎదురైతే దారికి కొండవైపున ఒదిగి, కదలకుండా నిలబడాలి.

వచ్చే వారం తలదీపంతో చీకట్లో రెండు గంటలు నడిచి చూస్తాను. గుడారం సంగతి ఇంకా తేలలేదు: కాటా మీద 1.6 కిలోలు చూపిస్తోంది. అది లేకుండా నేలమీద పరుపు వేసుకుని పడుకుంటే, ఆ బరువుకు బదులు ఇంకో లీటరున్నర నీళ్లు మోయవచ్చు.