స్క్రీన్ మీద కనిపించిన నంది ప్రింటులో కనిపించలేదు

మా చిన్నమ్మ బిడ్డ పెళ్లి ఆల్బం నేనే డిజైన్ చేశాను. పెళ్లయ్యాక కొత్త జంట హన్మకొండ వేయిస్తంభాల గుడికి దర్శనానికి వెళ్లింది. అక్కడ నంది పక్కన తీసిన ఫొటో నాకు ఎంత నచ్చిందంటే దాన్ని రెండు పేజీల నిండా పరిచి పెట్టాను. ఆల్బం ప్రింటయి వచ్చింది, చిన్నమ్మ పేజీలు తిప్పుతూ సరిగ్గా అక్కడే ఆగి, "ఏంది కొడుకా, నంది కనవడుతనే లేదు, అంత నల్లగున్నది" అన్నది. నిజమే. నా స్క్రీన్ మీద ఆ నల్లరాయి నిగనిగలాడుతూ, మెడమీది చెక్కడంతో సహా కనిపించింది, ప్రింటులో మాత్రం నల్లటి ముద్ద. పైగా పెళ్లికూతురు ముఖం కామెర్లొచ్చినట్టు పచ్చగా ఉంది.

ల్యాబ్‌కు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. తర్వాత అదే ఫైల్‌ను కాజీపేటలో ఒక మిత్రుడి మానిటర్‌లో తెరిచి చూస్తే అచ్చం ప్రింటులో ఉన్నట్టే ఉంది. తప్పు నా మానిటర్‌ది. ల్యాబ్‌కు మళ్లీ ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

ఇంటికొచ్చి మానిటర్ మెనూ తెరిస్తే మూడు సంగతులు బయటపడ్డాయి: బ్రైట్‌నెస్ 100లో, కలర్ టెంపరేచర్ (తెర తెలుపు నీలం వైపుందా, పసుపు వైపుందా చెప్పే అంకె) 9300లో, గామా 1.8లో ఉన్నాయి. కొన్నప్పటి నుంచి అట్లనే ఉందేమో, నేను ఎప్పుడూ చూడలేదు.

బ్రైట్‌నెస్ అందరికీ తెలుసు కానీ గామా దగ్గరే చాలామంది తికమక పడతారు. ఫొటోలోని అంకెకు తెర ఎంత వెలుగు ఇవ్వాలో చెప్పే వంపు (కర్వ్) అది. ఫొటోలో ప్రతి చుక్కకూ 0 నుంచి 255 వరకు ఒక అంకె ఉంటుంది. 128 అంటే సగం కాబట్టి స్క్రీన్ సగం వెలుగు ఇస్తుందనుకుంటాం, కానీ గామా 2.2 ఉన్న స్క్రీన్ 128కి ఇచ్చేది దాదాపు 22 శాతమే, సగం వెలుగు రావాలంటే 186 దాకా పోవాలి. పాత పిక్చర్ ట్యూబ్ తత్వమే అట్లాంటిది. అదృష్టం ఏమిటంటే మన కన్ను తీరుకు కూడా అది సరిపోయింది. కరెంటు పోయినప్పుడు చీకటింట్లో ఒక దీపం పక్కన ఇంకొకటి పెడితే తేడా ఎంత తెలుస్తుంది, అదే వంద దీపాల మధ్య ఇంకొకటి పెడితే ఎవరికి తెలుస్తుంది? అందుకే ఉన్న 256 మెట్లలో ఎక్కువ చీకటి వైపు దక్కేలా ఈ వంపు పనికొస్తోంది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణం తెచ్చినప్పుడు దాని వంపు కూడా 2.2కు దగ్గరగానే పెట్టారు. మ్యాక్‌లు మాత్రం 2009 దాకా 1.8 వాడేవి.

గామా మార్చినా పూర్తి నలుపు, పూర్తి తెలుపు కదలవు, మధ్యలోవే కదులుతాయి. నా మానిటర్ 1.8లో ఉండి చీకటి భాగాలను తనంతట తానే తెరిచి చూపించింది, నేనేమో ఫొటో పాలిపోయిందనుకుని షాడోలు ఇంకా కిందికి లాగాను. 9300 వల్ల తెర నీలంగా ఉంటే ముఖాలకు పసుపు కలిపాను. రెండూ ప్రింటులో బయటపడ్డాయి.

మీ మానిటర్ ఎట్లుందో తెలుసుకోవడానికి మిషన్ లేకున్నా ఒక మంచి పరీక్ష ఉంది. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు గీతలతో ఒక డబ్బా గీసి, దాని మధ్యలో 186 విలువతో బూడిదరంగు చతురస్రం పెట్టి, జూమ్ 100 శాతంలో ఉంచి, వెనక్కి జరిగి కళ్లు చికిలించి చూడండి. చతురస్రం గీతల్లో కలిసిపోతే గామా 2.2 దగ్గర ఉన్నట్టు, లేతగా కనిపిస్తే తక్కువ, ముదురుగా కనిపిస్తే ఎక్కువ. విండోస్ స్కేలింగ్ (తెర మీదివన్నీ పెద్దవి చేసి చూపే సెట్టింగ్) కూడా 100లోనే ఉండాలి, లేకుంటే గీతలు చెదిరి పరీక్ష పాడవుతుంది.

నేను గామా 2.2కు, టెంపరేచర్ 6500కు మార్చాను. మొదటి రెండు రోజులు తెరంతా పసుపుపచ్చగా అనిపించి తిరిగి మార్చాలనిపించింది, దయచేసి ఆగండి, కన్ను అలవాటు పడుతుంది. తర్వాత ఆ మిత్రుడి దగ్గరే స్పైడర్ తెచ్చుకున్నాను, తెరకు ఆనించి పెడితే రంగులు కొలిచే పరికరం అది. మానిటర్‌ను అరగంట వేడెక్కనిచ్చి, తెర వెలుగును, రంగును తమంతట తామే మార్చే డైనమిక్ కాంట్రాస్ట్, నైట్ లైట్ రెండూ ఆపి, డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలిచాను. బ్రైట్‌నెస్‌కు టార్గెట్ చదరపు మీటరుకు 120 క్యాండెలాలు పెట్టుకుంటే నా మానిటర్‌లో స్లైడర్ 100 నుంచి 31కి దిగింది! ఇన్నేళ్లు ఎంత వెలుగులో కూర్చుని పని చేశానో అప్పుడు అర్థమైంది. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ప్రొఫైల్‌ను, అంటే నా తెర రంగుల తీరును చెప్పే ఫైల్‌ను, విండోస్‌లో డిఫాల్ట్‌గా పెట్టాను. కొన్ని గ్రాఫిక్స్ డ్రైవర్లు సిస్టమ్ నిద్ర లేచాక దాన్ని వదిలేస్తాయి, ఒకసారి చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ కేబుల్ మీద నలుపు బూడిదలా పాలిపోతే డ్రైవర్‌లో రేంజ్ ఫుల్‌లో ఉందో లేదో చూడండి, లిమిటెడ్ అంటే 16 నుంచి 235 వరకే.

గది సంగతి కూడా ఉంది. నా వెనక గోడకు చిలకపచ్చ రంగు, పడమటి కిటికీ నుంచి సాయంత్రం ఎండ నేరుగా తెర మీద పడేది. పరదా కట్టాను, గోడకు లేత బూడిద వేయించాను. ఇంట్లో వాళ్లకు ఆ రంగు నచ్చలేదు, నాకు మాత్రం కావాలి.

ఇప్పుడు పాత ఫొటోలు తెరిస్తే వేరేగా ఉన్నాయి. పోయిన బతుకమ్మకు తీసిన వాటిలో తంగేడు పూల పసుపు మరీ పెంచేసి రేకుల గీతలే పోగొట్టానని ఇప్పుడు కనిపిస్తోంది. అవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ చేస్తున్నాను. చిన్నమ్మ ఆల్బం మొత్తం నా ఖర్చుతో మళ్లీ ప్రింట్ చేయించాను, నిన్ననే వచ్చింది. పగటి వెలుగులో కిటికీ దగ్గర పట్టుకుని స్క్రీన్‌తో పోల్చి చూశాను, నంది మెడమీది చెక్కడం రెండింట్లోనూ ఉంది. ఆదివారం తీసుకెళ్లి ఇచ్చి, పాత ఆల్బం వెనక్కి తెచ్చుకుంటాను.