రాగి నడుముకు పన్నెండు సూదులు

అక్టోబర్‌లో మా మిద్దె మీద చెనిక్కాయలు ఆరబోశాం. రాగి రోజుకు పదిసార్లు ఆ మెట్లెక్కి దిగేది. డాషుండ్ జాతి ఆడకుక్క, ఆరేళ్లుంటాయి, ఒళ్లంతా రాగి రంగు. ఒకరోజు పొద్దున పిలిస్తే రాలేదు. నా కుట్టుమిషన్ కింద గుడ్డపీలికల మీద పడుకుని ఉంది. ముందుకాళ్లతో దేకుతూ నా వైపు రాబోయింది. వెనకకాళ్లు రెండూ తడిగుడ్డల్లా ఈడ్చుకుంటూ వచ్చాయి.

కంగారులో నేనొక తప్పు చేశాను. నాకోసం తెచ్చుకున్న ఐబుప్రొఫెన్ మాత్ర సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టేశాను. మనుషుల నొప్పి మాత్రలు కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయని, కిడ్నీలనూ పాడుచేస్తాయని నాకు తెలీదు. అనంతపురంలో మేం చూపించిన పశువుల డాక్టర్‌గారు ఆ మాట వినగానే, రాయబోయిన స్టెరాయిడ్‌ను ఆపేశారు. రెండూ కలిస్తే కడుపులో, పేగుల్లో రక్తం కారే ప్రమాదం ఉందట. మొహమాటపడి చెప్పకుండా ఉండుంటే ఏమయ్యేదో.

ఆయన రాగి వెనకపాదాన్ని మడిచి, పైభాగం నేలకు ఆనేలా పెట్టారు. బాగున్న కుక్క అయితే వెంటనే పాదం సరిచేసుకుంటుంది. రాగి అలాగే ఉండిపోయింది. తర్వాత పట్టకారులాంటి పరికరంతో వేలిని గట్టిగా నొక్కారు. తల తిప్పి కుయ్యోమంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం "మంచిదేనమ్మా, నొప్పి తెలుస్తోంది" అన్నారు. అది కూడా తెలియకపోతే రోజులు కాదు, గంటలు లెక్కపెట్టుకుని ఆపరేషన్‌కి పరుగెత్తాల్సిందట.

ఈ జాతికి పొడుగు నడుము, పొట్టి కాళ్లు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన డిస్కులు వీటికి చిన్న వయసులోనే గట్టిపడతాయి. ఏదో ఒక గెంతుకు అందులో ఒకటి పగిలి లోపలి పదార్థం పైకి తోసుకొచ్చి వెన్నుపామును నొక్కేస్తుంది. చిన్న బోనులో కదలకుండా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచమన్నారు. మూత్రం కూడా తనంతట పోయలేకపోయింది. పొత్తికడుపు ఎక్కడ పట్టుకుని ఎలా నొక్కాలో ఆయన నా చేత చేయించి మరీ నేర్పారు. కాటన్ లైనింగ్ గుడ్డ నాలుగు మడతలు వేసి, లోపల స్పాంజి పెట్టి నడుముపట్టీ ఒకటి కుట్టాను. దాన్ని పొట్ట కింద వేసి పైకి పట్టుకుంటే వెనకభాగం బరువు నా చేతికొస్తుంది.

రెండు వారాలకు నిలబడింది, కానీ నడుము ఊగిపోయేది. అప్పుడు ఆయనే బెంగళూరులో ఆక్యుపంక్చర్, అంటే ఒంట్లో కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చే వైద్యం, చేసే ఒక పశువుల డాక్టర్ మేడం దగ్గరికి పంపారు. 200 కిలోమీటర్ల పైన దారి, ఆరు ఆదివారాలు. మా అత్తకు అస్సలు నచ్చలేదు. "మీ మామ ఎద్దుకు వాత పెట్టించినట్ల దీనికి సూదులు గుచ్చిస్తావా?" అంది. ఆమె భయం నాకు అర్థమైంది. కాలిన మచ్చలతో తిరిగిన ఆ ఎద్దును నేనూ చూశాను.

రోజంతా సూదితో బతికేదాన్ని కదా, నా కళ్లు ముందు సూది మీదికే పోయాయి. నా మిషన్‌కి వేసే 14 నంబర్ సూది మందం 0.9 మిల్లీమీటర్లు. మేడం తీసింది 0.25. వెంట్రుకలా వంగుతోంది. చాప మీద కూర్చుని, వెన్నుకు రెండు పక్కలా వేలితో తడుముతూ ఒక్కొక్కటే దించారు. నడుము, తుంటి కలిసే గుంటలో ఒకటి, ఆ చోటును బై హుయి అంటారట. మోకాళ్ల కింద రెండు. మొత్తం పన్నెండు. వాటిలో నాలుగు సూదులకు చిన్న క్లిప్పులు తగిలించి సన్నని కరెంటు పెడితే, తొడ కండ మీద చర్మం టిక్ టిక్‌మని అదిరింది. రాగి ఆవులించింది. మళ్లీ ఆవులించింది. కాసేపటికి గడ్డం నా చెప్పు మీద ఆనించి నిద్రపోయింది. ఇరవై నిమిషాలు.

సూదులు నరాల్ని కదిలించి, ఒంట్లోనే నొప్పి తగ్గించే ఎండార్ఫిన్లు వచ్చేలా చేస్తాయని మేడం చెప్పారు. పగిలిన డిస్కును అవి అతికించవు. అందుకే మందులు, బోను ఏదీ ఆపనివ్వలేదు. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

మా మరిది ఫోన్‌లో కుక్కల వెన్ను టక్కుమనిపించే వీడియోలు చూపించి, కైరోప్రాక్టిక్ కూడా చేయిద్దాం వదినా అన్నాడు. మేడంను అడిగితే వద్దే వద్దన్నారు. కీళ్లు బిగుసుకుపోయిన కుక్కకు, అదీ అన్నీ పరీక్షించాక, శిక్షణ ఉన్నవాళ్లు చేయొచ్చేమో కానీ, డిస్కు జారిన నడుమును అలా తోస్తే ఉన్న కాస్త పట్టూ పోవచ్చట. సూదులకైనా ఇంతే జాగ్రత్త కావాలి. ఇంటర్నేషనల్ వెటర్నరీ ఆక్యుపంక్చర్ సొసైటీ అని 1974లో పుట్టిన సంస్థ ఉంది, అది పశువైద్యులకే ఈ విద్య నేర్పి సర్టిఫికెట్ ఇస్తుంది. మీరు వెళ్లేచోట సూది పట్టుకున్న మనిషి పశువైద్యుడేనా అని మొహం మీదే అడగండి.

నాలుగో ఆదివారం తిరిగొస్తూ పెనుకొండ దగ్గర ఆగాం. పట్టీ వేసి దింపాను. నా చేతికి బరువు రాలేదు. రాగి తనంతట తనే నాలుగడుగులు నడిచి, కానుగచెట్టు కింద కూర్చుని మూత్రం పోసింది. మా చిన్నోడు సంతోషంతో రోడ్డు పక్కనే గట్టిగా అరిచాడు.

సూదులదెంత, విశ్రాంతిదెంత, మందులదెంత అని నేను విడదీసి చెప్పలేను. ఇప్పుడు మంచానికి, వాకిలి మెట్లకు చెక్కపలకలు వాలుగా వేయించాం, జారకుండా వాటికి గోనెపట్టా కొట్టాం. ఎడమ వెనకకాలి గోళ్లు ఇంకా నేలకు రాసుకుంటాయి, ఆ చప్పుడు విని తను ఏ గదిలో ఉందో చెప్పేస్తాను. మిద్దె మెట్ల దగ్గరికి రోజూ వచ్చి నిలబడి నన్ను చూస్తుంది. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, వీపు వంగకుండా ఎత్తుకుని పైకి తీసుకెళ్తున్నాను.