తీసేసిన రోజులు

పడుకోబోయే ముందు లెనిన్ శిఖరం ఎక్కే ప్లాన్ షీట్ ఒకసారి తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. పసుపు రంగు వేసి పెట్టుకున్న ఖాళీ రోజుల వరుసలు లేవు. తమ్ముడు తీసేశాడు. తీసేసి పక్కన నోట్ పెట్టాడు: "అక్కా, ఇవి వేస్ట్ డేస్. వాతావరణం బాగుంటే వీటితో పని లేదు, బాగోకపోతే ఇవి ఉన్నా లాభం లేదు. నాకు సెలవు కలిసొస్తుంది."

అంతే. ఫోన్ చేయలేదు, అడగలేదు. ఈయన లైటు తీసేయమని అటు తిరిగి పడుకున్నారు. నాకు నిద్ర పట్టేలా లేదు, వచ్చి ఇక్కడ కూర్చున్నాను.

వేస్ట్ డేస్ అట. అక్కడే మండింది.

తమ్ముడూ నేనూ కిర్గిజ్‌స్తాన్‌లో ఎక్కబోయే కొండ గురించి శీతాకాలం నుంచీ రాస్తున్నాను. లెనిన్ శిఖరం, 7134 మీటర్లు, అటు తజికిస్తాన్, ఇటు కిర్గిజ్‌స్తాన్, సరిగ్గా గట్టు మీద. ఏడు వేల మీటర్లు దాటిన కొండల్లో తేలికైనదని దీనికి పేరు. నిటారు బండలు పాకే పని లేదు కాబట్టి ఆ పేరొచ్చింది. కానీ ఆ కొండ చరిత్ర తమ్ముడికీ తెలుసు, నేనే చెప్పాను. 1974 ఆగస్టులో ఎల్విరా శతాయెవా నాయకత్వంలో ఎక్కిన ఎనిమిది మంది సోవియట్ మహిళలూ శిఖరం దగ్గర తుపానులో చిక్కుకుని చనిపోయారు. ఒక్కరు కూడా మిగల్లేదు. చివరిదాకా రేడియోలో కిందివాళ్లతో మాట్లాడుతూనే ఉన్నారు. 1990 జులై 13న భూకంపం కదిపితే పైనున్న మంచు గడ్డ విరిగి రెండో క్యాంపు మీద పడింది. 43 మంది. ఆ తర్వాత క్యాంపు చోటు మార్చారు. ఇవన్నీ జరిగిన కొండని పట్టుకుని తేలిక అనడానికి నాకు నోరు రాదు. మొదటిసారి ఎక్కింది ఇద్దరు జర్మన్లు, ఒక ఆస్ట్రియన్, 1928 సెప్టెంబరులో. వాళ్లకి దారి చెప్పినవాళ్లు లేరు, మనకి మ్యాపులున్నాయి, తాళ్లు ముందే కట్టి ఉంటాయి. గాలి మాత్రం వాళ్లకెంత పల్చనో మనకీ అంతే.

వాడు తీసేసిన రోజులు దేనికో రాస్తాను. రాస్తే కోపం తగ్గుతుందేమో.

ఓష్ నగరం నుంచి బండిలో బయల్దేరి, 3600 మీటర్లు దాటే తల్దిక్ కనుమ ఎక్కి దిగి, సారీ-తాష్ మీదుగా అచిక్-తాష్ బేస్ క్యాంపుకి చేరడం ఒక పగటి పని. పొద్దున వెయ్యి మీటర్ల దగ్గర టీ తాగినవాళ్లం రాత్రికి 3600 దగ్గర పడుకుంటాం. అక్కడి నుంచి మొదటి క్యాంపు 4400. రెండోది 5300. మూడోది 6100, రజ్దెల్నాయా శిఖరం పక్కన. మూడు వేలు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి అయిదు వందల మీటర్లకు మించి పెంచొద్దంటారు పర్వత వైద్యులు, మూడు నాలుగు రోజులకి ఒక రోజు ఆగమంటారు. ఈ కొండ మీద ఒక్కో అంగ ఎనిమిది వందలు, తొమ్మిది వందలు. మధ్యలో టెంటు వేసుకునే చోట్లు లేవు. అందుకే పైకి వెళ్లడం, తాకి రావడం, కిందికి దిగి పడుకోవడం. మొదటి క్యాంపు నుంచి యుహిన్ శిఖరం 5130 దాకా వెళ్లొచ్చి 4400లో నిద్ర. రెండో క్యాంపులో ఒక రాత్రి, వీలైతే రజ్దెల్నాయా 6148 తాకి, మళ్లీ మొదటి క్యాంపుకి. అక్కడ తిని, పడుకుని, అప్పుడు అసలు ఎక్కుడు.

షీట్‌లో చూస్తే ఒకే దారిలో పిచ్చిగా పైకీ కిందికీ తిరుగుతున్నట్టు ఉంటుంది. లోపల జరిగేది షీట్‌లో కనపడదు. 5500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదానికి సగం. ఊపిరి వేగం పెరగాలి, పెరిగితే రక్తంలో తేడా వస్తుంది, ఆ తేడాని కిడ్నీలు సర్దాలి. అది రోజుల పని. కొత్త ఎర్ర కణాలు తయారవడం వారాల పని. తోడు వేసిన గిన్నెని గంటకోసారి కదిపి తోడుకోలేదేం అంటే ఏం చెప్తాం? ఆఫీసు సెలవుల లెక్క ఒంటికి అర్థం కాదు.

ఈ మాట వాడికి చెప్పాల్సి రావడమే నా బాధ. ఎందుకంటే కజ్బెక్.

ఇంతకుముందు మేమిద్దరం ఎక్కిన కొండ అది. దాని గురించి రాసినప్పుడు అక్కడి ఒక రాత్రి సంగతి వదిలేశాను. వాడు అప్పట్లో ఇవి చదివేవాడు, చిన్నబుచ్చుకుంటాడని. జార్జియాలో స్తెపంత్స్‌మిందా ఊరి నుంచి గెర్గెతీ చర్చి దాటి, హిమానీనదం అంచు దాటి, 3650 మీటర్ల దగ్గర ఉన్న పాత వాతావరణ కేంద్రానికి ఒకే రోజు ఎక్కేశాం. పెద్ద రాతి భవనం, ఇప్పుడు ఎక్కేవాళ్లకి మజిలీ. బరువులన్నీ మావే. వాడు ముందు, నేను వెనక. దారంతా పాటలు పాడుతూ ఎక్కాడు. లోపలికి అడుగుపెట్టాక మాట తగ్గింది. నేను స్టవ్ వెలిగించి సూప్ కలుపుతుంటే వాసన పడలేదని బయటికి వెళ్లాడు. వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తలనొప్పి అన్నాడు, మామూలే అన్నాడు. రెండు గుక్కలు నీళ్లు తాగి అవీ కక్కేశాడు.

బయటికి వెళ్లాలి, బూట్లు వేసుకుంటానన్నాడు. హెడ్ టార్చి వెలుగులో చూస్తున్నాను. లేసు తీసి కొక్కేనికి తగిలించాడు. అది జారింది. మళ్లీ అదే కొక్కేనికి తగిలించాడు. పైన ఇంకో కొక్కెం ఖాళీగా ఉంది, దాని వైపు చెయ్యి వెళ్లడం లేదు. మళ్లీ కిందిదే. విసుక్కోవడం లేదు, తిట్టుకోవడం లేదు, తొందర కూడా లేదు, అదే పని శ్రద్ధగా చేస్తున్నాడు. చిన్నప్పుడు వాడికి బూటు లేసు కట్టడం నేర్పింది నేనే. నాకు కడుపులో చల్లబడింది. కళ్లల్లోకి టార్చి వేసి పేరు అడిగాను, సరిగ్గానే చెప్పాడు. లేచి గీత మీద నడవరా అంటే నేల పలకల గీత మీద అడుగు ముందు అడుగు వేసి నడిచాడు, తూలలేదు. తూలి ఉంటే ఆ చీకట్లోనే దింపేసేదాన్ని. లేసు నేనే కట్టి బయటికి తీసుకెళ్లి తెచ్చాను. తెల్లారేదాకా గంటకోసారి లేపి మాట్లాడించాను.

మర్నాడు అర్ధరాత్రికి శిఖరానికి బయల్దేరాలని మా లెక్క. నేను కదిలేది లేదన్నాను. ఆ రాత్రి ఆకాశం అద్దంలా ఉంది. రెండింటికి మిగతా జట్లన్నీ టార్చీలు పెట్టుకుని వరసగా బయల్దేరాయి. కిటికీలోంచి చూస్తూ వాడు ఏడ్చాడు. నా మీద కోపంతో. ఇంత మంచి వాతావరణం మళ్లీ రాదక్కా అని. నేను జవాబు చెప్పలేదు. మా దగ్గర ఇంకో రోజు ఉంది కాబట్టి మాట్లాడకుండా కూర్చోగలిగాను. లేకపోయి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ చెప్పలేను. బహుశా తీసుకెళ్లేదాన్నే. తెల్లారాక ఉడకబెట్టిన బంగాళాదుంపలు ఉప్పు అద్దుకుని తిన్నాడు. మధ్యాహ్నం కాస్త పైదాకా నడిచి వచ్చాడు. ఆ రాత్రి బయల్దేరి ఎక్కాం. పైన గాలి బాగా ఉంది, ఫొటో తీసుకుని దిగేశాం.

ఆ రోజుని పట్టుకుని వేస్ట్ అంటే నేను ఒప్పుకోను. వాడు అననే కూడదు.

ఇంతవరకు రాసి టీ పెట్టుకుందామని లేచాను. తిరిగి వచ్చి షీట్‌లో పాత వెర్షన్ తెరిచి చూస్తే ఇంకో ఆలోచన వచ్చింది, అది నాకంత నచ్చడం లేదు కానీ రాస్తాను.

ఆ పసుపు వరుసలు నేను పెట్టింది ఎక్కడ? అన్నీ చివర్లో. శిఖరం రోజు తర్వాత. కజ్బెక్‌లో పనికొచ్చిన రోజు ఎక్కడానికి ముందుది, 3650లోది. ఇక్కడ నేను దాచుకున్న రోజులు మూడో క్యాంపు దగ్గర కూర్చోవడానికి, లేదా వెనక్కి తిరిగొచ్చాక ఇంకోసారి ప్రయత్నించడానికి. 6100 దగ్గర తుపాను తగ్గేదాకా ఆగడం ఆగడం కాదు. అక్కడ ఒళ్లు కోలుకోదు. ఆకలి ఉండదు, నిద్ర ముక్కలు ముక్కలు, మంచు కరిగించి నీళ్లు చేసుకోవడానికే సగం రోజు, గ్యాస్ అయిపోతూ ఉంటుంది. రెండు రోజులు కూర్చుని లేచినవాళ్లు మొదటి రోజుకన్నా బలహీనంగా ఉంటారు. అప్పుడు ఎదురుగా ఉండేది వెయ్యి మీటర్ల ఎత్తు, కిలోమీటర్ల పొడుగున గట్టు, మధ్యలో నోజ్ (రష్యన్‌లో కత్తి) అని పిలిచే నిటారు మెట్ట, పైన మబ్బు కమ్మితే దారి తెలియని మైదానం. వాతావరణం బాగోకపోతే ఆ రోజులున్నా లాభం లేదని వాడన్నది ఆ ఎత్తు వరకు నిజమే.

పైగా సెలవు అన్నాడు గానీ అసలు సంగతి వాడి కూతురు, చంటిది. రాత్రుళ్లు నాన్న కావాలని ఏడుస్తోందని అమ్మ పోయిన ఆదివారమే చెప్పింది. వాడు ఆ మాట నాతో అనడు. అక్క వెళ్దామంది కాబట్టి వెళ్తాడు, రోజులు మాత్రం చాటుగా కత్తిరిస్తాడు. అది గుర్తొచ్చాక వాడి మీద అరవాలనిపించడం లేదు. నోట్‌లో ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

అలాగని తీసేసినవి తీసేసినట్టే వదిలేయను. చివరి రోజుల్లో చాలావాటిని ముందుకి జరుపుతాను. మొదటి క్యాంపులో యుహిన్‌కి వెళ్లొచ్చాక ఒకటి, రజ్దెల్నాయా తాకి దిగొచ్చాక ఇంకొన్ని. 4400 దగ్గర తిండి సహిస్తుంది, నిద్ర వస్తుంది, సామాను గుర్రాల మీద వస్తుంది కాబట్టి తిండికి లోటు ఉండదు. కావాలంటే కిందికి, పచ్చిక దాకా దిగి రావచ్చు. ఆకాశం చూసుకుని అక్కడి నుంచే కదలాలి. మూడో క్యాంపులో ఒక్క రాత్రి. మర్నాడు గాలి ఎక్కువగా ఉంటే దిగడమే, మళ్లీ ఎక్కే మాట లేదు. ఇది రాస్తుంటే గుండె పట్టేసినట్టుంది, ఎందుకంటే ఇన్నాళ్లుగా రెండో ప్రయత్నం ఉందిలే అనుకునే ధైర్యంగా ఉన్నాను. లేకుండా వెళ్లగలనా? వెళ్లగలననే అనుకుంటున్నాను. పొద్దున అడిగితే ఏమంటానో.

చివర్లో ఖాళీ మాత్రం కొంచెం ఉండి తీరాలి. రెండో క్యాంపు కింద పగుళ్లున్న మంచు వాలు ఉంది, కొత్త మంచు పడితే అది కుదురుకునేదాకా దిగడానికి లేదు. ఎండెక్కితే అసలే కదలకూడదు, తెల్లారకముందే దాటాలి. ఫ్లైట్ తేదీ తరుముతుంటే అక్కడ మధ్యాహ్నం దిగుతారు మనుషులు. తమ్ముడు దిగుతాడు, చంటిది గుర్తొచ్చి. ఈ విషయంలో వాడితో బేరం లేదు. తేదీ మార్చుకోగలిగే టికెట్ కొంటాను, ఆ ఎక్కువ డబ్బు నేనే పెడతాను.

అంత సెలవు దొరకదు అంటే శిఖరం వదిలేద్దాం. యుహిన్, రజ్దెల్నాయా, అక్కడితో వెనక్కి. 6148 మీటర్లు చిన్నదేం కాదు, పైనుంచి పామీర్ కొండలు కనిపిస్తాయట. నాకు చాలదు, ఆ సంగతి దాచను. కానీ వాడు సగం మనసుతో నా తాడుకి కట్టుకుని పైకి రావడం కన్నా అది నయం. వేరే జట్టుతో కలిసి నేనొక్కదాన్నే పైకి వెళ్లే మాట ఈయన దగ్గర ఇంకా ఎత్తలేదు, ఇప్పుడు ఎత్తను కూడా.

సరిహద్దు మండలం పర్మిట్‌కి తేదీలు ఈ వారమే పంపాలి. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది, తర్వాత పొడిగించమంటే వాళ్లకీ తలనొప్పి. ఆగస్టు చివరి దాకా వేయమని రాస్తాను. ముందే దిగొస్తే కాగితం మీద రోజులు మిగులుతాయి, ఏం నష్టం లేదు. గ్యాస్ డబ్బాలు విమానంలో రానివ్వరు కాబట్టి ఓష్‌లో కొనే లెక్క కూడా రెండు రకాలుగా వేసి పెట్టాలి, శిఖరానికి ఒకటి, రజ్దెల్నాయాకి ఒకటి. పొద్దున ముందు వాడికి ఫోన్ చేసి చంటిది ఎలా ఉందో అడుగుతాను. షీట్ సంగతి తర్వాత.